గాలిలోని ఆమ్ల ఏరోసాల్‌ను కొలవాలంటే: ఏ పద్ధతి ఎవరికి సరిపోతుంది

గాలిని లాగి అందులోని కణాలను ఫిల్టరు మీద పట్టే సాంప్లర్లు రెండింటిని ఒకే మేడ మీద పక్కపక్కనే పెట్టి, రెండింటినీ ఒకే 24 గంటలు నడిపి, రెండు టెఫ్లాన్ ఫిల్టర్లు దించాం. ఒకదాన్ని వెంటనే సిట్రిక్ ఆమ్లం పూసిన కాగితం ఉన్న డబ్బాలో పెట్టి, బిగించి, ఫ్రీజర్‌లోకి చేర్చాం. రెండోది పెట్రీ డిష్‌లో, మూత వదులుగా, ల్యాబ్ బల్ల మీద రాత్రంతా ఉండిపోయింది. మర్నాడు కరిగించి చూస్తే మొదటి ఫిల్టరులో ఆమ్లం స్పష్టంగా ఉంది. రెండోదానిలో దాదాపు లేదు. సల్ఫేట్ మాత్రం రెండింటిలోనూ ఇంచుమించు ఒకేలా వచ్చింది. పీల్చిన గాలి ఒకటే, వాడిన ఫిల్టరు ఒకటే. తేడా అంతా ఆ రాత్రి గదిలో ఉన్న అమ్మోనియా తెచ్చింది. మనిషి ఊపిరిలో అమ్మోనియా ఉంటుంది, చెమటలో ఉంటుంది, నేల తుడిచే కొన్ని ద్రవాల్లోనూ ఉంటుంది. ఫిల్టరు మీద పట్టిన ఆ కొద్దిపాటి ఆమ్లాన్ని విరిచేయడానికి, అంటే తటస్థం చేయడానికి, అంతే చాలు.

ఆమ్ల ఏరోసాల్, అంటే గాలిలో తేలే ఆమ్లపు సూక్ష్మ కణాలు, కొలవడానికి ఏ పరికరం కొనమంటారని ఎవరు అడిగినా నేను ముందుగా ఈ సంగతే చెబుతాను. సాంప్లర్ నోట్లోకి గాలి వెళ్లిన దగ్గర్నుంచి పీహెచ్ మీటరు మీద అంకె పడేదాకా ఆ ఆమ్లానికి అమ్మోనియా తగలకుండా కాపాడగలమా? ఈ ప్రశ్నకు మీ దగ్గర సమాధానం ఉంటే మామూలు సరంజామాతోనే నమ్మదగిన కొలత వస్తుంది. లేకపోతే ఎంత ఖరీదైన యంత్రం తెచ్చినా వచ్చేది గాలి లెక్క కాదు, మీ గది లెక్క.

మీకు కావలసింది ఏ పులుపు?

బొగ్గు, ఫర్నేస్ ఆయిల్ మండినచోట సల్ఫర్ డయాక్సైడ్ వెలువడుతుంది. అది గాలిలో ఆక్సీకరణం చెంది సల్ఫ్యూరిక్ ఆమ్లపు సూక్ష్మ బిందువులవుతుంది. దారిలో అమ్మోనియా కొంత దొరికితే అమ్మోనియం బైసల్ఫేట్ అవుతుంది, పూర్తిగా దొరికితే అమ్మోనియం సల్ఫేట్ అవుతుంది. మొదటి రెండూ బలమైన ఆమ్లాలే. మూడోది దాదాపు తటస్థం. ఈ మూడింటిలోనూ సల్ఫేట్ ఉంటుంది కాబట్టి సల్ఫేట్ అంకె ఒక్కటే చూసి గాలి ఎంత ఆమ్లంగా ఉందో చెప్పలేం. ఆ పొరపాటు చాలా నివేదికల్లో కనిపిస్తుంది.

ఆమ్లత్వం అనే ఒకే మాటతో రెండు వేర్వేరు సంగతులు చెబుతుంటాం. పులుసు పెట్టేటప్పుడు కుండలో ఎంత చింతపండు వేశామన్నది ఒకటి, నాలుకకు ఎంత పుల్లగా తగిలిందన్నది మరొకటి. నీళ్లు ఎక్కువ పోస్తే పులుపు తగ్గుతుంది కానీ వేసిన చింతపండు తగ్గదు. గాలిలోనూ అంతే. ఒక ఘనమీటరు గాలిలోని కణాలన్నీ కలిపి ఎన్ని నానోమోళ్ల హైడ్రోజన్ అయాన్లను వదలగలవన్నది మొదటి లెక్క. దీన్ని కణాల బలమైన ఆమ్లత్వం అంటారు. 1 నానోమోల్ హైడ్రోజన్ అయాన్ అంటే 0.049 మైక్రోగ్రాముల సల్ఫ్యూరిక్ ఆమ్లంతో సమానం, కాబట్టి 100 నానోమోళ్లంటే 4.9 మైక్రోగ్రాములు. రెండోది ఆ సూక్ష్మ కణం లోపలి నీటి పీహెచ్. గాలిలో తేమ పెరిగితే కణం నీరు పీల్చుకుంటుంది, పీహెచ్ మారుతుంది, మొత్తం ఆమ్లం మాత్రం అలాగే ఉండవచ్చు.

ఊపిరితిత్తుల మీద ప్రభావం చూడాలనుకునేవారికి ఎక్కువగా మొదటి లెక్క పనికొస్తుంది. 1988 నుంచి 1991 వరకు అమెరికా, కెనడాల్లోని 24 ఊళ్లలో పిల్లల మీద జరిగిన హార్వర్డ్ అధ్యయనం ఈ లెక్కనే వాడింది. కణాల ఆమ్లత్వం ఎక్కువగా ఉన్న ఊళ్లలో పిల్లలకు బ్రాంకైటిస్ ఎక్కువగా వచ్చినట్టు, ఊపిరితిత్తుల సామర్థ్యం తక్కువగా ఉన్నట్టు తేలింది. సల్ఫేట్, నైట్రేట్ ఎలా ఏర్పడుతున్నాయి, లోహాలు ఎంత కరుగుతున్నాయి, నైట్రిక్ ఆమ్లం వాయువుగా ఉంటోందా కణంలోకి వెళ్తోందా అని చూసే రసాయన పరిశోధకులకు రెండో లెక్క కావాలి. ఏది కావాలో ముందే కాగితం మీద రాసుకోండి. ఈ రెండింటినీ కలగాపులగం చేసి, ఒకదాన్ని కొలిచి రెండోదాని గురించి తీర్మానాలు చేసిన పనులు చూశాను. ఏడాది పాటు నిజాయితీగా శ్రమించినవాళ్ల ఫలితం అలా వృథా కావడం చూస్తే మనసుకు కష్టంగా ఉంటుంది.

ఇప్పటికే ఉన్న అంకెలతో సరిపెట్టుకోవచ్చా?

మన దేశంలో 2009లో ప్రకటించిన జాతీయ గాలి నాణ్యత ప్రమాణాల్లో 12 కాలుష్యకాలున్నాయి. సల్ఫర్ డయాక్సైడ్ ఉంది, అమ్మోనియా ఉంది, పీఎం 10, పీఎం 2.5 ఉన్నాయి. కణాల ఆమ్లత్వం మాత్రం లేదు. కాబట్టి మీ ఊరి కాలుష్య నియంత్రణ మండలి కేంద్రం దగ్గర ఆ అంకె దొరకదు. సల్ఫర్ డయాక్సైడ్ చూసి ఊహిద్దామంటే అది ఇంకా కణంగా మారని వాయువు. పొగగొట్టం దగ్గర అది ఎక్కువగా ఉండి ఆమ్ల కణాలు తక్కువగా ఉండవచ్చు, గాలివాటున దూరం వెళ్లేకొద్దీ ఈ లెక్క తిరగబడవచ్చు.

వాన నీటి పీహెచ్ మరో సంగతి. భారత వాతావరణ శాఖ దేశంలో పది చోట్ల దీర్ఘకాలంగా వాన నీటి రసాయనాన్ని గమనిస్తోంది, వాటిలో విశాఖపట్నం ఒకటి. విలువైన పని అది. కానీ వానచుక్క పడుతూ పడుతూ గాలిలోని ధూళిని, వాయువులను అన్నింటినీ కడిగేస్తుంది. మన నేల ధూళిలో సున్నపురాయి అంశం ఎక్కువ, అది ఆమ్లాన్ని విరిచేస్తుంది. వాన పుల్లగా లేదంటే గాలిలోని సన్నని కణాలూ పుల్లగా లేవని అనుకోకూడదు. ఇక కాంతి ఎంత చెదిరిందో చూసి పీఎం చూపించే చిన్న సెన్సర్ల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. వాటికి కణం ఉందని తెలుస్తుంది, అది ఆమ్లమా ఉప్పా అన్నది తెలియదు.

పాత నమూనాల గురించి ఒక మాట. మన ఊళ్లలో ఏళ్ల తరబడి పీఎం 10 కోసం గ్లాస్ ఫైబర్ ఫిల్టర్లు వాడారు. కొందరు విద్యార్థులు ఆ దాచిన ఫిల్టర్లను అడిగి తెచ్చుకుని ఆమ్లత్వం కొలవాలని చూస్తారు. దయచేసి ఆ పని చేయకండి. గ్లాస్ ఫైబరుకే క్షార గుణం ఉంటుంది. అది పట్టిన ఆమ్లాన్ని విరుస్తుంది, పైగా సల్ఫర్ డయాక్సైడ్ వాయువును పీల్చుకుని లేని సల్ఫేట్‌ను పుట్టిస్తుంది. ఆమ్లం తగ్గి, సల్ఫేట్ పెరిగి, రెండు అంకెలూ తప్పే వస్తాయి.

వట్టి టెఫ్లాన్ ఫిల్టరు

పీఎం 2.5 సాంప్లర్‌లో 47 మిల్లీమీటర్ల టెఫ్లాన్ ఫిల్టరు పెట్టి నడపడం అందరికీ అందుబాటులో ఉన్న దారి. టెఫ్లాన్ జడమైనది, ఆమ్లంతో చర్య జరపదు. నిమిషానికి 16.7 లీటర్ల చొప్పున 24 గంటలు నడిపితే 24 ఘనమీటర్ల గాలి వెళ్తుంది, పట్టే పదార్థానికి కొదవ ఉండదు.

దీని బలహీనత కూడా అక్కడే ఉంది. ఉదయం పట్టిన ఆమ్ల కణం మీదుగా ఆ రోజంతా అమ్మోనియా ఉన్న గాలి వెళ్తూనే ఉంటుంది. ఆమ్లం కొంచెం కొంచెంగా విరిగిపోతుంది. మన దగ్గర పశువులు, యూరియా చల్లిన పొలాలు, మురుగు కాలువల వల్ల అమ్మోనియా ఎక్కువ. అందుకే ఈ పద్ధతిలో వచ్చిన అంకెను 'కనీసం ఇంత ఆమ్లం ఉంది' అని మాత్రమే రాయండి. సున్నా వస్తే గాలిలో ఆమ్లం లేదని ఎన్నడూ రాయకండి. డబ్బు లేక ఈ దారే పట్టాల్సి వస్తే 24 గంటలు కాకుండా 6 గంటల చొప్పున ఫిల్టరు మార్చండి. అమ్మోనియా తగిలే సమయం తగ్గుతుంది, నష్టమూ తగ్గుతుంది.

డెన్యూడర్: నా మొదటి ఎంపిక

ఈ చిక్కును విప్పడానికి వచ్చిందే యాన్యులర్ డెన్యూడర్. ఒకదానిలో ఒకటి ఉన్న గాజు గొట్టాలు, వాటి మధ్య ఒక మిల్లీమీటరు పాటి సన్నని ఖాళీ. గోడలకు రసాయనం పూసి ఉంటుంది. గాలి ఆ ఖాళీలోంచి సుడులు లేకుండా సాఫీగా వెళ్తుంది. వాయువు అణువులు చురుకైనవి, అటూ ఇటూ పాకి గోడకు తగిలి అతుక్కుంటాయి. కణాలు వాటికంటే ఎంతో బరువైనవి, వాటికి అంత త్వరగా పక్కకు జరగడం చేతకాదు, కాబట్టి నేరుగా ఫిల్టరు దగ్గరికి వెళ్లిపోతాయి. ఒక గొట్టానికి సోడియం కార్బొనేట్ పూస్తే సల్ఫర్ డయాక్సైడ్, నైట్రిక్ ఆమ్లం, నైట్రస్ ఆమ్లం అక్కడే ఆగుతాయి. తర్వాతి గొట్టానికి సిట్రిక్ ఆమ్లం పూస్తే అమ్మోనియా ఆగుతుంది. ఇలా వడకట్టిన గాలి టెఫ్లాన్ ఫిల్టరును చేరుతుంది. పట్టిన ఆమ్లాన్ని విరిచే అమ్మోనియా ఇక లేదు.

అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ సంకలనంలో ఈ విధానం ఐఓ-4.2 పేరుతో ఉంది. నిమిషానికి 10 లీటర్ల ప్రవాహం, ముందు 2.5 మైక్రోమీటర్ల సైక్లోన్ లేదా ఇంపాక్టర్ (అంతకంటే లావు కణాలను పక్కకు తప్పించే భాగం). ఆ ముందరి భాగాన్ని అనవసర ఖర్చనుకోకండి. లావు ధూళి రేణువులు ఫిల్టరు మీద ఆమ్ల కణాల పక్కన వాలితే రెండూ అక్కడే కలిసి విరిగిపోతాయి. ఎండాకాలం రోడ్డు దుమ్ము విపరీతంగా లేచే చోట 2.5 కూడా చాలదు, 1 మైక్రోమీటరు కోత ఉన్న సైక్లోన్ దొరికితే మేలు.

గాలిలోంచి అమ్మోనియాను తీసేయడంలో ఒక చిక్కు ఉంది. ఫిల్టరు మీద ఉన్న అమ్మోనియం నైట్రేట్ ఆవిరై వెళ్లిపోవడానికి అది దారిస్తుంది. అందుకే టెఫ్లాన్ వెనుక ఒక నైలాన్ ఫిల్టరు, దాని వెనుక సిట్రిక్ ఆమ్లం పూసిన మరో ఫిల్టరు పెడతారు. ఆవిరైన నైట్రిక్ ఆమ్లాన్ని నైలాన్ పట్టుకుంటుంది, అమ్మోనియాను చివరిది పట్టుకుంటుంది. ఈ రెండింటినీ వదిలేసి ఖర్చు తగ్గించుకుందామనుకుంటే చలికాలపు నైట్రేట్ లెక్క పోతుంది.

ఈ పద్ధతిని నేను ముందు నిలబెట్టడానికి అసలు కారణం వేరే ఉంది. గొట్టాలను కడిగిన నీటిని అయాన్ క్రొమటోగ్రఫీలో (ద్రవంలోని అయాన్లను విడదీసి కొలిచే విధానం) పెడితే వాయు రూపంలోని అమ్మోనియా, నైట్రిక్ ఆమ్లం ఎంతో తెలుస్తాయి. ఫిల్టరు నుంచి ఆమ్లత్వం, సల్ఫేట్, నైట్రేట్, అమ్మోనియం తెలుస్తాయి. అంటే చింతపండు లెక్క నేరుగా వస్తుంది, పులుపు లెక్కకు కావలసిన సరుకు కూడా అదే రోజు, అదే గాలి నుంచి చేతికొస్తుంది. పీహెచ్ గణనకు వాయు అమ్మోనియా ఎంత ముఖ్యమో కింద చెబుతాను.

చేతి పని మాత్రం ఎక్కువ. ప్రతి నమూనాకూ గొట్టాలు కడగాలి, పూత పూయాలి, శుభ్రమైన గాలితో ఆరబెట్టాలి, మూతలు బిగించాలి, లీకు చూడాలి. ఒక మనిషికి ఇది పూర్తి స్థాయి పని. తీరప్రాంతంలో ఇంకో జాగ్రత్త ఉంది. ఏసీ గదిలోంచి గొట్టాన్ని నేరుగా బయటికి తెచ్చి అమరిస్తే లోపల చెమ్మ పడుతుంది, పూత కారుతుంది. మూతలతోనే అరగంట బయట ఉంచి ఆ తర్వాత అమర్చండి.

ఆ తర్వాత పీహెచ్ చూడటం. ఎక్కువమంది తడబడేది ఇక్కడే. టెఫ్లాన్ నీటిని అంటించుకోదు కాబట్టి ముందు కొన్ని చుక్కల ఇథనాల్‌తో తడపాలి. తర్వాత వట్టి నీటిలో కాకుండా పీహెచ్ 4 ఉన్న పలుచని పెర్‌క్లోరిక్ ఆమ్లంలో కరిగించాలి. ఆమ్లం కొలవడానికి ఆమ్లంలో కరిగించడమేమిటని అనిపిస్తుంది. వట్టి నీటిలో గాలి నుంచి కలిసిన కార్బన్ డయాక్సైడ్, కణాల్లోని బలహీన కర్బన ఆమ్లాలు కూడా హైడ్రోజన్ అయాన్లు వదిలి లెక్క చెడగొడతాయి. పీహెచ్ 4 దగ్గర వాటి నోరు చాలా వరకు మూతపడుతుంది, హైడ్రోజన్ అయాన్లలో మిగిలిన పెరుగుదల బలమైన ఆమ్లానిదే.

ఆ పెరుగుదల ఎంత చిన్నదో చూడండి. ఘనమీటరుకు 20 నానోమోళ్లు ఉన్న గాలిని నిమిషానికి 10 లీటర్ల చొప్పున 24 గంటలు లాగితే వెళ్లేది 14.4 ఘనమీటర్లు, పట్టేది 288 నానోమోళ్లు. 10 మిల్లీలీటర్లలో కరిగిస్తే పీహెచ్ 4.00 నుంచి 3.89కి దిగుతుంది. అంతే! 5 మిల్లీలీటర్లలో కరిగిస్తే 3.80కి దిగుతుంది, సంకేతం దాదాపు రెట్టింపు. కాబట్టి ద్రావణం తక్కువ వాడండి. మీటరు 0.01 తప్పు చూపితే 10 మిల్లీలీటర్ల లెక్కన ఘనమీటరుకు సుమారు 2 నానోమోళ్ల తప్పు వస్తుంది. ఒక్క దశాంశ స్థానం చూపే మీటరుతో ఈ పనికి దిగకూడదు. కరిగించడం, పీహెచ్ చూడటం రెండూ అమ్మోనియా తీసేసిన, చేతి తొడుగులు బిగించిన మూసిన పెట్టెలో, అంటే గ్లవ్ బాక్స్‌లోనే జరగాలి. దాని లోపలికి వెళ్లే గాలిని సిట్రిక్ ఆమ్లం పూసిన పొర గుండా పంపిస్తే సరిపోతుంది. పెద్ద ఖర్చేమీ కాదు, ఒక మోస్తరు అక్రిలిక్ పెట్టెతో కుదురుతుంది.

అయాన్ల జమాఖర్చు: సులువైన దారి, జారుడు దారి

గ్లవ్ బాక్స్ గొడవ లేకుండా సల్ఫేట్, నైట్రేట్, క్లోరైడ్ ఒక వైపు, అమ్మోనియం, సోడియం, కాల్షియం మరో వైపు కూడి, తేడాను హైడ్రోజన్ అయాన్లుగా తీసుకునేవారు చాలామంది. అయాన్ క్రొమటోగ్రఫీ ఉన్న ప్రతి ల్యాబ్‌కూ ఇది ఆకర్షణీయంగా కనిపిస్తుంది.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. ఘనమీటరు గాలిలో సల్ఫేట్ 9.6 మైక్రోగ్రాములంటే 200 నానో ఈక్వివలెంట్లు (అయాన్ల విద్యుదావేశం లెక్కన కొలత). నైట్రేట్ 3.1 అంటే 50. అమ్మోనియం 3.96 అంటే 220. ఎడమన 250, కుడిన 220, తేడా 30. ఆమ్లం 30 అని రాసేస్తాం. ప్రతి కొలతలోనూ 10 శాతం అటూ ఇటూ ఉందనుకుంటే ఆ తప్పులన్నీ కలిసి తేడా మీద 30 వస్తాయి. అంటే 30కి 30 తప్పు! పైగా అదే గాలిలో కాల్షియం 0.6 మైక్రోగ్రాములు ఉండి దాన్ని కొలవలేదంటే అదొక్కటే 30 ఈక్వివలెంట్లు, తేడా మొత్తం మాయం. కాల్షియం కొలిస్తే సరిపోతుందా అంటే అదీ లేదు. దానితో జతగా వచ్చిన కార్బొనేట్‌ను మామూలు అయాన్ క్రొమటోగ్రఫీ చూపదు, అప్పుడు లెక్క గాలిలో లేని క్షారాన్ని చూపిస్తుంది. రెండు పెద్ద అంకెల మధ్య చిన్న తేడాను నమ్ముకునే ఏ లెక్కకైనా ఈ జబ్బు తప్పదు.

జమాఖర్చును నేను పూర్తిగా కొట్టిపారేయను. నేరుగా కొలిచిన ఆమ్లత్వాన్ని సరిచూసుకోవడానికి అది మంచి సాక్షి. రెండూ దగ్గరగా వస్తే ధైర్యం కలుగుతుంది. దూరంగా వస్తే ఎక్కడో లీకో, విరుగుడో జరిగిందని తెలుస్తుంది. కానీ ఒంటరిగా దాన్నే నిలబెట్టి 'గాలి ఆమ్లంగా ఉంది' అని ప్రకటించడానికి అది సరిపోదు, దాన్నుంచి పీహెచ్ లెక్కించడానికైతే అసలే సరిపోదు.

గంట గంటకూ చెప్పే యంత్రాలు

మార్గా అనే యంత్రంలో తిరిగే తడి డెన్యూడర్ వాయువులను నీటిలోకి లాగుతుంది, ఆవిరి చల్లి కణాలను ఉబ్బించి పట్టుకుంటుంది, రెండు ద్రవాలనూ లోపలే ఉన్న అయాన్ క్రొమటోగ్రఫీకి పంపుతుంది. గంటకొకసారి అమ్మోనియా, నైట్రిక్ ఆమ్లం, సల్ఫర్ డయాక్సైడ్ వాయువులు, వాటితో పాటు కణాల్లోని అయాన్లు తెలుస్తాయి. ఢిల్లీ విమానాశ్రయంలో పొగమంచు మీద పుణేలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం చేస్తున్న పరిశీలనల్లో 2017-18 చలికాలంలో దీన్ని వాడి పీఎం 1, పీఎం 2.5 రెండింటినీ చూశారు. ఢిల్లీ శీతాకాలంలో క్లోరైడ్ ఎంతగా పెరుగుతుందో, పొగమంచును చిక్కబరచడంలో దాని పాత్ర ఏమిటో మనకు తెలియడానికి ఇలాంటి గంటవారీ కొలతలే కారణం.

ఏరోసాల్ మాస్ స్పెక్ట్రోమీటరు, దాని చిన్న రూపమైన ఏసీఎస్‌ఎమ్ ఇంకా వేగమైనవి. కణాలను సుమారు 600 డిగ్రీల దగ్గర ఆవిరి చేసి సల్ఫేట్, నైట్రేట్, అమ్మోనియం, క్లోరైడ్, కర్బన పదార్థాలను చెబుతాయి. ఆమ్లత్వం గురించి అడిగితే మాత్రం ఇవి చెప్పేది కొలిచిన అమ్మోనియంకు, ఉండాల్సిన అమ్మోనియంకు మధ్య నిష్పత్తి. అది కూడా జమాఖర్చే. సముద్రపు ఉప్పు, సున్నపు ధూళి ఆ వేడికి సరిగా ఆవిరి కావు కాబట్టి వీటికి దాదాపు కనిపించవు. వాయు అమ్మోనియాను ఇవి కొలవవు. కర్బన కణాల మీద పనిచేసేవారికి ఇవి వరం. ఆమ్లత్వం ఒక్కటే కావాలంటే వీటి మీద ఇంత డబ్బు పోయడం నాకు సబబుగా అనిపించదు. మార్గాతో పోల్చినా నా అభిప్రాయం ఇదే.

రెండు యంత్రాలూ నేరుగా హైడ్రోజన్ అయాన్‌ను కొలవవన్నది గుర్తుంచుకోండి. వేగం కోసమే వీటిని కొనాలి. వేగం ఎప్పుడు అవసరం? సల్ఫ్యూరిక్ ఆమ్లం ఎండలో ఎక్కువగా తయారవుతుంది కాబట్టి మధ్యాహ్నపు శిఖరం 24 గంటల ఫిల్టరులో కలిసిపోయి కనబడదు. పిల్లలు బడి నుంచి ఇంటికి నడిచే వేళ గాలి ఎలా ఉందో తెలియాలంటే గంట లెక్క కావాలి. యంత్రం లేకపోతే డెన్యూడర్‌నే పగలు ఒకటి, రాత్రి ఒకటి చొప్పున నడపండి.

పీహెచ్ కావాలంటే

కణం లోపలి పీహెచ్‌ను నేరుగా చూసే విధానాలు ఇంకా ల్యాబ్ దశలోనే ఎక్కువగా ఉన్నాయి. పీహెచ్ కాగితం మీద కణాలను పట్టి రంగు మార్పును ఫోటో తీసి చదవడం, ఒక్కో బిందువును రామన్ సూక్ష్మదర్శినితో చూడటం వంటివి ఆశ కలిగిస్తున్నాయి. బయట రోజూ వాడదగిన దారి ఇప్పటికి ఐసోరోపియా, ఈ-ఎయిమ్ వంటి ఉష్ణగతిక కంప్యూటర్ నమూనాలే. వీటికి కణాల అయాన్లు, వాయు అమ్మోనియా, నైట్రిక్ ఆమ్లం, ఉష్ణోగ్రత, తేమ ఇస్తే కణంలో నీరెంత, పీహెచ్ ఎంత అన్నవి లెక్కకట్టి చెబుతాయి.

వాయువు, కణం రెండింటి అంకెలూ ఇచ్చి నడిపితే ఫలితం స్థిరంగా ఉంటుంది. కణాల అంకెలు మాత్రమే ఇచ్చి నడిపితే పైన చూసిన జమాఖర్చు జబ్బు మళ్లీ ఇక్కడికీ వస్తుంది, చిన్న తప్పుకు పీహెచ్ ఎటో ఎగిరిపోతుంది. వాయు అమ్మోనియా పది రెట్లు పెరిగితే పీహెచ్ సుమారు ఒక అంకె పెరుగుతుంది. అంటే అమ్మోనియా కొలతలో 20 శాతం తప్పున్నా పీహెచ్‌లో వచ్చే తేడా 0.1 లోపే. ఇంత ఓర్పున్న కొలత మరొకటి లేదు. డెన్యూడర్ గొట్టాలు కడిగిన నీటిని పారబోయవద్దని నేను అంతగా చెప్పడానికి కారణం ఇదే. గాలిలో తేమ 40 శాతం కంటే తక్కువగా ఉన్న గంటల్లో మాత్రం ఈ నమూనాల పీహెచ్‌ను పక్కన పెట్టండి. కణంలో నీరే దాదాపు లేనప్పుడు దాని పీహెచ్ గురించి మాట్లాడటంలో అర్థం లేదు.

విశాఖలో అయితే

విశాఖపట్నంలో ఈ పని చేయాలనుకునే విద్యార్థులు తరచూ అడుగుతుంటారు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. ఉత్తరాన కైలాస కొండలు, దక్షిణాన యారాడ కొండ, మధ్యలో గిన్నె లాంటి నేల. అందులోనే ఓడరేవు, రిఫైనరీ, ఎరువుల పరిశ్రమ, కొంచెం అవతల ఉక్కు కర్మాగారం, పరవాడ దగ్గర థర్మల్ కేంద్రం. పగలు సముద్రపు గాలి లోపలికి వీస్తుంది, రాత్రి నేల గాలి తిరిగి వెళ్తుంది. 24 గంటల నమూనా ఈ రెండు గాలులనూ ఒకే పాత్రలో కలిపేస్తుంది. కాబట్టి ఇక్కడ పగలు, రాత్రి విడిగా తీయడం తప్పనిసరి అనుకోండి.

రెండో చిక్కు ఉప్పు. సముద్రపు ఉప్పు రేణువును సల్ఫ్యూరిక్ లేదా నైట్రిక్ ఆమ్లం తాకితే హైడ్రోక్లోరిక్ ఆమ్లం వాయువుగా వెళ్లిపోతుంది, సోడియం మిగులుతుంది. ఫిల్టరు మీదే ఇది జరిగితే ఆమ్లం పోయినట్టే. ఉప్పు ఎక్కువగా లావు కణాల్లో ఉంటుంది కాబట్టి ముందున్న సైక్లోన్ చాలా వరకు కాపాడుతుంది. సల్ఫేట్ లెక్కలో కూడా సముద్రం వాటాను తీసేయాలి. సోడియం బరువును 0.25తో గుణిస్తే ఆ వాటా వస్తుంది. జమాఖర్చు వేసేవారు క్లోరైడ్ తగ్గిందా లేదా అని తప్పక చూడాలి. ఏసీఎస్‌ఎమ్ ఒక్కటే పెట్టుకుని తీరంలో ఆమ్లత్వం చెప్పడం అందుకే నాకు నచ్చదు.

రామగుండం, కొత్తగూడెం వైపు పనిచేసేవారికి ఉప్పు బాధ లేదు, బూడిద, బొగ్గు ధూళి బాధ ఉంది. బొగ్గు విద్యుత్ కేంద్రాల సల్ఫర్ డయాక్సైడ్‌కు 2015 డిసెంబరులో పరిమితులు వచ్చాయి. 2025 జులైలో చాలా యూనిట్లను ఆ వాయువు తొలగించే యంత్రాలు పెట్టే బాధ్యత నుంచి మినహాయించారు. అలాంటి చోట చిమ్నీ నుంచి గాలివాటున 20, 30 కిలోమీటర్ల అవతల ఊళ్లలో ఆమ్ల కణాలు ఎంతున్నాయో ఎవరో ఒకరు జాగ్రత్తగా కొలిచి పెట్టడం ఇప్పుడు మరింత అవసరం. చిమ్నీ పక్కన కొలిస్తే ధూళే ఎక్కువ దొరుకుతుంది, ఆమ్లం తయారు కావడానికి సమయం ఉండదు.

ఎవరికి ఏది

ఆరు నెలల ప్రాజెక్టు, తక్కువ డబ్బు ఉన్న విద్యార్థి అయితే ఒక డెన్యూడర్ వరుస, ఒక గ్లవ్ బాక్స్, నెలకు పది మంచి నమూనాలు చాలు. రోజూ నడపాలని ప్రయాసపడి చెడ్డ నమూనాలు వంద తీసేకంటే ఇది ఎన్నో రెట్లు నయం. గాజు గొట్టాలు దొరక్కపోతే తేనెపట్టు ఆకారపు డెన్యూడర్ ఉన్న కాట్రిడ్జ్ వాడండి, మోసుకెళ్లడం కూడా సులువు. ఆరోగ్య అధ్యయనం చేసే వైద్య బృందానికి కూడా ఇదే చెబుతాను, కాకపోతే రెండు మూడు చోట్ల ఒకేసారి నడపాలి. నోటిలోని అమ్మోనియా కూడా పీల్చిన ఆమ్లాన్ని కొంత విరుస్తుంది, అందుకే మూసిన గదిలో ఆమ్ల గాలి పీల్పించే ఛాంబర్ ప్రయోగాల్లో పాల్గొనేవారితో నిమ్మరసం పుక్కిలింపజేసేవారు. ఆ బృందం బయటి గాలి అంకెను ఊపిరితిత్తికి చేరిన మోతాదుగా తీసుకోకూడదు.

పెద్ద సంస్థ, ఏళ్ల తరబడి నడిపే కేంద్రం, చూసుకోవడానికి ఇద్దరు శిక్షణ పొందిన మనుషులు ఉంటే మార్గా తీసుకోండి. పక్కన నెలకు నాలుగు రోజులు డెన్యూడర్ నడిపి సరిచూసుకోండి. కర్మాగారం పక్క ఊరి ప్రజల సంఘం అయితే వట్టి టెఫ్లాన్‌తో మొదలుపెట్టవచ్చు, అది 'కనీసం' అంకె అని ప్రతి కాగితం మీదా రాయాలి. ఆ అంకె కూడా ఎక్కువగా వస్తే డెన్యూడర్ ఉన్న విశ్వవిద్యాలయం తలుపు తట్టడానికి అది గట్టి ఆధారం.

ఏది ఎంచుకున్నా మొదటి రెండు వారాలు నమూనాల కోసం వాడకండి. ఒకే రకం సాంప్లర్లు రెండు పక్కపక్కన నడపండి. ప్రతి పది నమూనాలకు ఒక ఖాళీ ఫిల్టరును గాలి లాగకుండా బయటికి తీసుకెళ్లి తిరిగి తేండి. తెలిసిన మోతాదు సల్ఫ్యూరిక్ ఆమ్లం చుక్కను ఒక టెఫ్లాన్ ఫిల్టరు మీద వేసి, ఒక రోజు ఫ్రీజర్‌లో ఉంచి, ఎంత తిరిగి వచ్చిందో చూడండి. జత సాంప్లర్ల అంకెలు పది శాతం లోపు కలిసి, వేసిన ఆమ్లంలో తొంభై శాతం తిరిగి దొరికేదాకా సాంప్లర్‌ను ఆ మేడ దించకండి.